బావ మిషను, నా సలహా

పేటెంట్ల పని చేస్తానని చెప్పగానే చాలామంది "అంటే లాయరా?" అని అడుగుతారు. ఎన్నో ఏళ్ళు నేను ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పలేదు. కాదని చెప్పాల్సిన చోట నవ్వి ఊరుకున్నాను. నేను చేసిన తప్పుకు మొదలు ఆ నవ్వులోనే ఉంది.

మాది శ్రీకాకుళం జిల్లాలో మందస దాటాక సముద్రం వైపు వెళ్ళే దారిలో ఒక ఊరు. నాన్నకు కొంచెం జీడితోట ఉంది. అక్క పదో తరగతితో చదువు ఆపేసి, పెళ్ళి చేసుకుని కాశీబుగ్గ వెళ్ళింది. బావకు అక్కడ వెల్డింగు షాపు. నేను టెక్కలిలో కెమిస్ట్రీతో డిగ్రీ, విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చేశాను. టెక్కలిలో చదివిన మూడేళ్ళూ పరీక్షల రోజుల్లో బస్సు దొరక్కపోతే బావే బండి మీద దింపేవాడు. దారి పొడవునా ఏదో ఒక మిషను గురించి మాట్లాడేవాడు. నేను వెనక కూర్చుని నోట్సు తిరగేసేదాన్ని.

ఎమ్మెస్సీ అయ్యాక ఒక మందుల కంపెనీ ల్యాబులో ఎనిమిది నెలలు చేశాను. ఆ వాసనలకు రోజూ తలనొప్పి. అప్పుడు కాలేజీలో నాకు సీనియర్ అయిన ఒకావిడ, హైదరాబాదులో పేటెంట్ల ఆఫీసు ఒకటుందని, సైన్సు చదివినవాళ్ళే కావాలంటున్నారని చెప్పింది. వెళ్ళి చేరాను. ఎవరైనా "ఇది నేను కొత్తగా కనిపెట్టాను" అని వస్తే, అది నిజంగా కొత్తదేనా, లోకంలో ఇంకెక్కడైనా ఎవరైనా ముందే చేసి ఉన్నారా అని పాత పేటెంట్లలో, పత్రికల్లో వెతకడం నా పని. ఆ పని నాకు నచ్చింది. పేటెంట్ ఏజెంటు కావడానికి లా చదవక్కర్లేదని, సైన్సు డిగ్రీతో ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసైతే చాలని అక్కడే తెలిసింది. పాసైతే ఇతరుల తరఫున దరఖాస్తు రాసి సంతకం పెట్టే హక్కు వస్తుంది. ఆపైన లా కూడా చదివి వకీలుగా నమోదైతే పేటెంట్ అటార్నీ అంటారు.

నేను మొదటిసారి పరీక్ష తప్పాను. చట్టం పేపరు బాగానే రాశాను. దరఖాస్తు రాయాల్సిన పేపరులో చేతులెత్తేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పరీక్ష రాసినట్టే చెప్పలేదు కాబట్టి తప్పినట్టు చెప్పాల్సిన అవసరమూ రాలేదు. అప్పటికే నాన్న మందస బస్టాండులో కనబడినవాళ్ళందరికీ "మా పాప పేటెంట్ల లాయరు" అని చెప్పేస్తున్నాడు. ఆయన పక్కన నేనుంటే, చెప్పాను కదా, నవ్వి ఊరుకునేదాన్ని.

ఆ వేసవిలో మా చిన్నాన్న కూతురి పెళ్ళికి ఊరొచ్చాను. పెళ్ళయిన మర్నాడు బావ నన్ను కాశీబుగ్గలో తన షాపుకి తీసుకెళ్ళాడు. మూల గోనె కప్పిన బల్ల ఒకటుంది. గోనె తీసి చూపించాడు. అది జీడిపిక్కలు కోసే మామూలు బల్లే. పక్కనే ఉన్న పలాసలో, పిక్కలు కాల్చి పప్పు తీసే ఏ బట్టీకి వెళ్ళినా అవి వరసగా ఉంటాయి. రెండు కత్తుల మధ్య పిక్క పెట్టి కాలితో పెడలు తొక్కితే కత్తులు పిక్కను పట్టుకుంటాయి, చేత్తో పిడి వంచితే తొక్క విచ్చుకుంటుంది. అక్క పెళ్ళయినప్పటి నుంచీ ఒక బట్టీలో ఆ పనే చేస్తోంది. ఆ బల్లతో ఒక చిక్కుంది. కత్తుల మధ్య సందు ఒక్కటే. పెద్ద పిక్క వస్తే కత్తి లోపలి పప్పును కూడా కోసేస్తుంది, గుండుగా రావాల్సిన పప్పు బద్దలవుతుంది. చిన్న పిక్క వస్తే తొక్క విడవదు, రెండోసారి కొట్టాలి. అలా కొట్టీ కొట్టీ అక్క కుడి మణికట్టు వాచిపోయి ఉండేది.

"మీ యక్కే సెప్పింది," అన్నాడు బావ. "పిక్కని బట్టి సందు మారితే బాగున్ను గదా, మనమే ఎందుకు మార్సాల అని. ఆ మాట పట్టుకుని ఏడాది పైన కుస్తీ పట్టినాను. ఇదిగో సూడు."

కత్తి వెనక పాత స్కూటరు క్లచ్చు స్ప్రింగు ఒకటి, దాన్ని ఆపే చిన్న మెట్టు ఒకటి అమర్చాడు, పిక్క లావును బట్టి కత్తి తనే జరిగి సందు సర్దుకునేలా. ఒక పెద్ద పిక్క, ఒక చిన్న పిక్క, మళ్ళీ పెద్దది, వరసపెట్టి కొట్టాడు. మూడూ గుండుగా వచ్చాయి. నన్ను కొట్టమన్నాడు. జన్మలో పిక్క కొట్టని నేను పది కొడితే ఎనిమిది గుండుగా వచ్చాయి. అక్క పక్కనే నిలబడి నా మొహమే చూస్తోంది.

"దీనికేదో పేటెంటు అంటారు గదా మరదలా," అన్నాడు బావ. "నువ్వు సేత్తన్న పని అదే గదేటి. మనకి రాత్తావా?"

ఆ క్షణాన నేను చెప్పాల్సింది ఏమిటో నాకు తెలుసు. బావా, నేనింకా పరీక్ష పాసవ్వలేదు, నేను సంతకం పెట్టలేను, మా ఆఫీసులో ఒక మేడంగారున్నారు, ఆవిడతో మాట్లాడిస్తాను, అంతవరకూ ఈ గోనె తియ్యకు. అంతే. నాలుగు ముక్కలు. కానీ మొదటి ముక్కే చెప్పలేకపోయాను. అక్క అలా చూస్తుంటే, లాయరు మరదలు అని బావ నలుగురికీ చెప్పుకుని ఉండగా, తప్పానని ఎలా చెప్పను? పరీక్ష మళ్ళీ ఏడాదిలోపే ఉంది. ఈసారి పాసవుతాను, అప్పుడు నేనే రాస్తాను, నా మొదటి దరఖాస్తు బావదే అవుతుంది అని మనసులో ఒక లెక్క వేసుకున్నాను. అప్పటిదాకా బావను ఆపాలి.

"ఇప్పుడే తొందరేటి బావా," అన్నాను. "ముందు నాలుగు బట్టీలకి ఇచ్చి వాడించు. మంచి పేరు రానీ. అప్పుడు పేటెంటుకి వెళ్తే బలంగా ఉంటాది."

"అంతేనంటావా?"

"అంతే. ఉండు, నేనొక వీడియో తీస్తాను. పదిమందికీ తెలుస్తాది."

వీడియో నేనే తీశాను. వెనక నుంచి మాట్లాడింది కూడా నేనే. చిన్న పిక్కయినా పెద్ద పిక్కయినా ఒకటే దెబ్బ అని మొదలుపెట్టి, స్ప్రింగు ఎక్కడుందో, మెట్టు దేనికో దగ్గరగా చూపిస్తూ వివరంగా చెప్పాను. మా పిన్ని కొడుక్కి జీడి తోటల మీద ఒక ఛానెల్ ఉంది, అందులో పెట్టించాను. వారం తిరక్కుండా ఒడిశా నుంచి కూడా బావకు ఫోన్లు వచ్చాయి. బావ మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను.

పేటెంటు అడిగేలోపు ఆ వస్తువును లోకానికి చూపించకూడదు. చూపిస్తే అది ఇక కొత్తది కాదు, చూపించినవాడు దాన్ని కనిపెట్టినవాడే అయినా సరే. కొన్ని మినహాయింపులున్నాయి గానీ అమ్మకానికి, ఛానెల్లో వీడియోకి అవేవీ వర్తించవు. ఈ రంగంలో అడుగుపెట్టినవాళ్ళకు మొదటి వారంలో చెప్పే పాఠం ఇది. నేను దాన్ని సెక్షన్ల నంబర్లతో సహా బట్టీ పట్టి పరీక్షలో రాసొచ్చాను. మరి బావ షాపులో నిలబడ్డప్పుడు అది గుర్తు రాలేదా? చాలాకాలం రాలేదనే చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే, వీడియో తీస్తున్నప్పుడు లోపల ఎక్కడో ముల్లులా గుచ్చుకుంది. సొంత బావ, చిన్న షాపు, ఎవరు చూడొచ్చారు అని దాన్ని తోసేశాను. పుస్తకంలోని చట్టం కంపెనీలకే గానీ కాశీబుగ్గకు కాదన్నట్టు.

హైదరాబాదు వెళ్ళాక మళ్ళీ చదవడం మొదలుపెట్టాను. ఒక ఆదివారం మధ్యాహ్నం హాస్టల్లో ఆ అధ్యాయం మళ్ళీ వచ్చింది.  పుస్తకం మూసి, బావకు చెప్దామని ఫోన్ తీశాను. అప్పటికి బావ పదకొండు బల్లలకు స్ప్రింగులు బిగించి ఇచ్చేశాడు. ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకున్నాను. ఫోన్ పక్కన పెట్టి తర్వాతి అధ్యాయంలోకి వెళ్ళిపోయాను. ఆ అధ్యాయం బాగా వచ్చింది కూడా.

రెండోసారి రాతపరీక్ష పాసయ్యాను. ఇంటర్వ్యూకి పిలిచారు. ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న పెద్దాయన నా డిగ్రీ గురించి, ఊరి గురించి అడిగి, "జీడిపప్పు ఊరా!" అని నవ్వి, ఈ ప్రశ్న వేశాడు. ఒక చిన్న వర్క్‌షాపు అతను ఒక మిషను తయారుచేసి, సంతలో పెట్టి, కొన్ని అమ్మి, ఆ తర్వాత మీ దగ్గరికి వచ్చాడు. మీరు అతనికి ఏం చెప్తారు?

నేను తడబడి ఉంటే ఇవాళ కొంచెం ఊరటగా ఉండేది. తడబడలేదు. సెక్షన్లతో, మినహాయింపులతో, ప్రయోగం కోసం నలుగురిలో వాడటానికీ అమ్మకానికి పెట్టడానికీ మధ్య తేడాతో గడగడా చెప్పాను. చివర్లో, "అన్నిటికన్నా ముందు ఏజెంటు అతనికి నిజం చెప్పాలి సార్, ఆశ పెట్టకూడదు," అని కూడా అన్నాను. ఆయన తలూపి ఏదో రాసుకున్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. లోపల నాలుగు మంచి మాటలు చెప్పింది ఎవరో, ఇక్కడ కూర్చున్నది ఎవరో నాకే అర్థం కాలేదు.

పాసయ్యానని తెలిసిన వారం ఊరెళ్ళాను. నాన్న పలాస నుంచి స్వీట్లు తెప్పించి వీధిలో అందరికీ పంచాడు. అక్కా బావా వచ్చారు. భోజనాలయ్యాక బావ ఒక ప్లాస్టిక్ ఫైలు తెచ్చి నా ముందు పెట్టాడు. లోపల గ్రాఫు కాగితాల మీద పెన్సిలుతో గీసిన బొమ్మలు. స్ప్రింగు విడిగా, మెట్టు విడిగా, ముందు నుంచి, పక్క నుంచి. కొలతలు మిల్లీమీటర్లలో. తొమ్మిదో తరగతి దాకా చదివినవాడు, ఆ గీతలు గీయడం ఎక్కడ నేర్చుకున్నాడో.

"ఇప్పుడు నీకు లైసెన్సు వచ్చీసింది," అన్నాడు. "నీ మాట ప్రకారం పేరు కూడా వచ్చీసింది. ఇంక రాసీ మరి."

ఫైలు మోకాళ్ళ మీద పెట్టుకుని కాగితాలన్నీ ఒకసారి తిరగేశాను. తల ఎత్తకుండానే చెప్పాను.

"బావా, నేను వెతికించాను. ఇది కొత్తది కాదు. ఇలాంటి పద్ధతి కేరళలో ముందే ఉంది. మనకు పేటెంట్ రాదు."

ఆ మాటలు పుస్తకం చదివినట్టు వచ్చాయి. ఇంట్లో ఎప్పుడూ ఇంటి మాటే మాట్లాడే నేను, అబద్ధం చెప్పడానికి ఆఫీసు తెలుగు తెచ్చుకున్నాను.

 "కేరళలోనా?" అన్నాడు బావ. "ఎన్నాళ్ళయింది?"

"చాలా ఏళ్ళయింది."

"ఓలప్పా. నాకే ముందు తట్టిందనుకున్నాను." నవ్వాడు. "అయినా తొమ్మిదో తరగతోడికి తట్టింది ఇంకెవడికీ తట్టకుండా ఉంటాదేటి."

ఫైలు తీసుకుని మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. అక్క మాత్రం, "నువ్వు బాగా సూసినావా?" అని అడిగింది. చూశానన్నాను. నిజానికి నేను అసలు వెతకనే లేదు. వెతకాల్సిన అవసరమేముంది, మా వీడియో ఒక్కటే చాలు కదా దాన్ని చంపడానికి.

ఆ తర్వాత ఏడాదిన్నర నేను సాయంత్రం కాలేజీలో లా చదువుతూ ఉద్యోగం చేసుకున్నాను. దరఖాస్తులు రాయడం నేర్చుకున్నాను. నా సంతకంతో వేరేవాళ్ళ పేటెంట్లు కొన్ని వెళ్ళాయి. అక్క ఫోన్లో మాట్లాడినప్పుడు బావ గురించి అడిగితే, "గేట్లు, కిటికీ ఊచలు సేసుకుంతన్నాడు," అనేది. జీడిపప్పు మీది పొట్టు తీసే మిషను ఒకటి అంతకుముందు మొదలుపెట్టాడు కదా, అదేమైందన్నాను ఒకసారి. "వదిలీసినాడు. మనకేటి కొత్తగా తడతాది, ఏది సేసినా ఎక్కడో ఉండే ఉంటాది అంతన్నాడు."

ఒకరోజు అక్కే ఫోన్ చేసింది. కాశీబుగ్గలో ఒక పెద్ద వర్క్‌షాపువాళ్ళు స్ప్రింగు బల్లలు తయారుచేసి అమ్ముతున్నారట. పచ్చరంగు వేసి, పైన తమ పేరు రాసి. వాళ్ళ మేస్త్రీ అంతకు ముందు బావ షాపుకి రెండుసార్లు వచ్చి బల్లకింద దూరి చూసి వెళ్ళాడట.

"మన బల్లే. మెట్టు కూడా అలగే ఉంది," అంది అక్క. "నాను వెళ్ళి అడుగుతానంటే మీ బావ ఒద్దన్నాడు. ఆళ్ళు మన దగ్గర తీసినారని ఎలగ అంతావు, కేరళ నుంచి తెచ్చుకునుంటారు, మనది మాత్రం మనదేటి అన్నాడు."

 అక్క హలో హలో అంటోంది. పని ఉందని పెట్టేశాను.

పేటెంటు పోవడం ఒకటి. అది నా గర్వం వల్ల, పిరికితనం వల్ల పోయింది, దానికి క్షమాపణ చెప్పుకోవచ్చు. కానీ తన చేతులతో చేసినదాన్ని దొంగిలించుకుపోతుంటే, అది నాది అనే మాట కూడా ఆ మనిషి నోట రాకుండా చేశాను నేను. ఆ అబద్ధం చెప్పింది బావ కోసం కాదు, నా వీడియో సంగతి బయటపడకుండా ఉండటం కోసం. మూడు ఆదివారాలు కూర్చుని, మొదట్లోనే చేయాల్సిన పని అప్పుడు చేశాను. మన దేశానివి, బయటి దేశాలవి, జీడిపిక్కలు కోసే మిషన్లన్నీ వెతికాను. కేరళవీ వెతికాను. కత్తుల సందు స్క్రూ తిప్పి మార్చేవి ఉన్నాయి, మోటారుతో తిరిగేవి ఉన్నాయి. పిక్కను బట్టి తనే సర్దుకునే చేతి బల్ల, బావ కంటే ముందు, ఒక్కటీ కనబడలేదు. ఆ వెతుకులాటంతా ప్రింటు తీసుకుని రైలెక్కాను.

షాపుకి పొద్దున పదింటికి వెళ్ళాను. బావ ఒక గేటుకి పూలు అతుకుతున్నాడు. అక్క టిఫిను తెచ్చి అక్కడే ఉంది. కూర్చోమన్నారు, కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాను. మొదటిసారి పరీక్ష తప్పిన దగ్గర నుంచి. ఆ రోజు గోనె తియ్యవద్దని చెప్పాల్సింది, నాలుగు బట్టీలకి ఇవ్వమన్నాను. వీడియో నేను తీశాను. చూపించాక పేటెంటు రాదని తెలిసీ ఊరుకున్నాను. కేరళ సంగతి అబద్ధం. అలాంటిది అక్కడ లేదు, ఎక్కడా లేదు.

బావ కళ్ళకున్న నల్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. అడిగింది ఒక్కటే.

"అయితే నాదే ముందా?"

"నీదే బావా. అన్నీ చూశాను. నీకంటే ముందు ఎవరూ చెయ్యలేదు." ప్రింటు కాగితాలు ఇచ్చాను. ఇంగ్లీషులో ఉన్నాయి, ఆయన చదవలేడు. అయినా ఒక్కొక్కటీ తిప్పి బొమ్మలు చూశాడు.

"నువ్వు పరీక్ష తప్పితే మేం ఏటనుకుంతామే?" అన్నాడు చివరికి. "నాను తొమ్మిదో తరగతి రెండుసార్లు తప్పినాను." అద్దాలు పెట్టుకుని మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళాడు.

అక్క మాత్రం వదల్లేదు. నన్ను రోడ్డు మీదకి తీసుకొచ్చింది. అరవలేదు. "పేటెంటు పోతే పోనాది. అది మాకు ఎప్పుడుంది గనక," అంది. "ఏడాదిన్నర ఆ మనిషి రాత్రీ పగలూ నాకేటీ రాదు అనుకుంటా తిరిగినాడు. నాను కళ్ళారా సూసినాను. నువ్వు ఫోన్లో బావ బాగున్నాడా అని అడిగీదానివి. ఎలగ అడిగినావే నువ్వు?"

 అక్క వెనక్కి తిరిగి షాపులోకి వెళ్ళిపోయింది. నేను పలాస స్టేషనుకి నడిచాను. ఆ తర్వాత చాలా నెలలు అక్క నాతో మాట్లాడలేదు. అమ్మ ఫోన్ అందిస్తే, పని ఉందనేది. నాన్నకు కూడా అన్నీ చెప్పాను. ఆయన బస్టాండులో నా గురించి మాట్లాడటం మానేశాడు. ఇప్పుడు లా పూర్తయింది, వకీలుగా నమోదయ్యాను, ఎవరైనా లాయరా అని అడిగితే అవుననవచ్చు. అనడానికి మొదట్లో నోరు రాలేదు.

బావ మళ్ళీ పొట్టు తీసే మిషను బయటికి తీశాడని అమ్మ చెప్పింది. నేను రాస్తానని అడగలేదు, అడిగే మొహం లేదు. బావ కూడా నన్ను అడగలేదు. శ్రీకాకుళం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన ద్వారా విశాఖపట్నంలో ఇంకో ఏజెంటును పట్టుకున్నారు. కొన్నాళ్ళకు ఆ పొట్టు మిషను దరఖాస్తు పేటెంట్ ఆఫీసు పత్రికలో అచ్చయింది. వారం వారం ఆ పత్రిక చూడటం నా ఉద్యోగం కాబట్టి నాకు కనబడింది. కనిపెట్టినవారు అన్నచోట రెండు పేర్లున్నాయి. బావది, అక్కది. ఏజెంటు అన్నచోట నాకు తెలియని పేరు. మొత్తం చదివాను. శుభ్రంగా రాశాడు, నేను రాసినా అంతకంటే బాగా రాసేదాన్ని కాదు.

ఒక్కటే అనుమానం వచ్చింది. దరఖాస్తు వేస్తే సరిపోదు, దాన్ని పరీక్షించమని గడువులోపు విడిగా అడగాలి. అడగకపోతే మొత్తం రద్దవుతుంది. అడిగినట్టు ఆన్‌లైన్‌లో ఎక్కడా కనబడలేదు. నా పని కాని దాంట్లో వేలు పెడుతున్నానా అని రెండు రోజులు ఆలోచించి, మూడోరోజు బావ నంబరుకు చేశాను. అక్క ఎత్తింది. నేనేనని చెప్పి, విషయం చెప్పాను. గడువు తేదీ చెప్పాను.

"ఉండు, రాసుకుంతాను," అంది. పెన్ను కోసం వెతుకుతున్న చప్పుడు వినబడింది. "ఇంకోసారి సెప్పు."

ఇంకోసారి చెప్పాను. రాసుకుని, "మీ బావకి సెప్తాన్లే," అని పెట్టేసింది. పది రోజుల తర్వాత చూస్తే పరీక్షించమని అడిగే కాగితం దాఖలైనట్టు కనబడింది.